రోజుకి రెండుసార్లు

జూన్ 3, మంగళవారం

ఇవాళ ఇద్దరికీ రబ్బరు గొలుసులు వేశారు. దంతాల ఆసుపత్రిలో నన్నూ, మా అమ్మాయి పిచ్చుకనీ పక్కపక్క కుర్చీల్లో పడుకోబెట్టారు. ఆరునెలలుగా పళ్ళకి తీగలు వేసుకుని తిరుగుతున్నాం కదా, పళ్ళన్నీ వరసలోకి వచ్చాయట. ఇక పీకేసిన పళ్ళ దగ్గర మిగిలిన సందులు మూయాలట. బుల్లి బుల్లి రబ్బరు రింగులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులా ఉంటాయి. డాక్టరమ్మ దాన్ని సాగదీసి ఒక్కో పంటి మీదున్న క్లిప్పుకి తగిలించింది. అది మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది. అలా చూస్తూ చూస్తూ పళ్ళని దగ్గరికి లాగుతుంది. నాలుగు వారాలకోసారి కొత్తది మార్చాలి.

"ఎవరి సందు ముందు మూసుకుంటుందో పందెం నాన్నా" అంది పిచ్చుక.

"నాన్నకి నీకన్నా టైం పడుతుందమ్మా. ఎముక ముదిరింది కదా" అంది డాక్టరమ్మ.

"ఎముకేంటి, మొత్తం మనిషే ముదిరిపోయాడు!"

నవ్వబోతే తీగ పెదవికి గుచ్చుకుంది.

నా వంకర కోరపన్నే దానికీ వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. క్లాసులో ఏడిపిస్తారు, వేయించుకోను అని మంచం కింద దూరి కూర్చుంటే, నేనూ వేయించుకుంటా పద అన్నాను. నలభై నాలుగేళ్ళ వయసులో. ఈమధ్య నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

జూన్ 4

నొప్పి. పాలల్లో నానేసిన రొట్టె తప్ప ఏదీ నమలలేకపోయాను. నొప్పికని కొంచెం తాగాను.

జూన్ 6, శుక్రవారం

పొద్దున్న నుంచి వరసగా క్లాసులు. బండి నేర్పేవాడి ఉద్యోగం బయటికి కనిపించేంత తేలిక కాదు. నా సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నా చేతిలో ఉండేది అదొక్కటే. స్టీరింగు వాళ్ళది, క్లచ్చు వాళ్ళది, భయం వాళ్ళది.

కొత్తగా ఒకావిడ చేరింది. బట్టలు కుడుతుంది. యాభై దాటి ఉంటాయి. భర్తకి పక్షవాతం వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళిన ప్రతిసారీ ఎవరినో బతిమాలుకోవాల్సి వస్తోందట. కూర్చోగానే కిందికి వంగి చూసి, "ఇదేంటి మాస్టారూ, మూడున్నాయి? నా మిషనుకి ఒకటే" అంది. ఆవిడ పాదం మెత్తగా పడుతుంది పెడలు మీద. రోజంతా అదే పని కదా. నేర్చుకుంటుంది.

అద్దాలు మూసిన చిన్న బండి, పక్కన మనిషి జానెడు దూరంలో ఉంటుంది. ఈ ఉద్యోగంలో నోరు శుభ్రంగా ఉంచుకోవాలి. అందుకే తలుపు జేబులో ఆకుపచ్చ మౌత్‌వాష్ సీసా ఒకటి పెట్టుకుంటాను. మధ్యాహ్నం మందు రెండు గుక్కలు వేసుకుంటాను, ఆ తర్వాత పుక్కిలిస్తాను. రెండు గుక్కలే. దానివల్ల చేతులు నిలకడగా ఉంటాయి కూడా. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

జూన్ 11

లేదు. ఇవాళ చుక్క కూడా లేదు.

జూన్ 12

ఉంది.

జూన్ 19, గురువారం

మా ఆవిడ కొరియర్ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది. రోజంతా పార్సిళ్ళు తూచి తూచి అదే చూపు నా మీదా పెడుతుంది.

"ఏమైంది నీకు?"

"ఏం కాలేదు."

"ఏదో ఒకటి అయ్యుండాలి కదా. పనిలో ఏమన్నా అన్నారా? ఒంట్లో బాగాలేదా? నామీద కోపమా?"

"ఏం కాలేదంటున్నానుగా."

లేచి వెళ్ళి చెప్పులు విప్పుకుంది.

నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఏమీ కాలేదు. ఎవరూ పోలేదు, ఎవరూ మోసం చేయలేదు, ఉద్యోగం ఉంది, బంగారంలాంటి పిల్ల ఉంది. ఏదైనా అయ్యుంటే బాగుండేది. చెప్పుకోవడానికి ఒకటి ఉండేది.

జూన్ 24

పిచ్చుక అద్దం ముందు నోరు తెరిచి నిలబడి, నన్నూ పక్కన నిలబెట్టుకుంది. దాని సందులో ఇదివరకు దూరిన టూత్‌పిక్ ఇప్పుడు పట్టడం లేదట. నాదాంట్లో రెండు పట్టాయి. "ముసలి ఎముక! ముసలి ఎముక!" అని ఇల్లంతా గెంతింది.

జూలై 1, మంగళవారం

దంతాల ఆసుపత్రి. పిచ్చుకది చూసి డాక్టరమ్మ "శభాష్" అంది. తర్వాత నా దగ్గరికి వచ్చి చిన్న చిమటాతో గొలుసు పట్టి లాగింది. అది లాగినంత మేర సాగింది కానీ వెనక్కి వెళ్ళలేదు. పాత లాగుకి ఎలాస్టిక్ పోయినట్టు వేలాడింది. తెల్లగా ఉండాల్సిన రింగులు పాచిపట్టిన రంగులోకి తిరిగాయి.

"మౌత్‌వాష్ వాడతారా?"

"వాడతానండీ."

"ఘాటుగా ఉంటుందా? స్పిరిట్ కలిపినదా?"

"ఏమో, చూడలేదు."

"రోజుకి ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

ఆవిడ చిమటా పళ్ళెంలో పెట్టింది. "రబ్బరు ఎలాగూ కొంత పట్టు వదులుతుంది. నోట్లో తడి, వేడి ఉంటాయి కదా. మొదటి రోజుల్లోనే సగం బలం పోతుంది, మిగిలిన సగంతోనే మేం పని చేయించుకోవాలి. స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్ పడితే ఆ సగం కూడా తొందరగా పోతుంది. కానీ రోజుకి రెండుసార్లకే ఇంత వదులవడం నేనైతే చూడలేదు." కొత్త గొలుసు తీస్తూ, "పోనీ, స్పిరిట్ లేనిది వాడి చూడండి" అంది.

పోయినసారి ఒకేరోజు, ఒకే ప్యాకెట్లోంచి తీసి వేసింది ఇద్దరికీ. పక్క కుర్చీలో పిచ్చుక నోరు తెరుచుకునే ఉంది. కళ్ళు మాత్రం నావైపు తిప్పింది.

ఇంటికొస్తూ అడిగింది: "రెండుసార్లని ఎందుకు చెప్పావు నాన్నా?"

"మరి ఎన్నిసార్లు?"

"చాలాసార్లు. స్నానాల గదిలోది నేను చూస్తూనే ఉంటాగా, కొన్న వారానికే అడుగంటుతుంది. బండిలో ఇంకోటుంది."

"నా పనిలో అవసరం. నీకు తెలీదు."

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇల్లొచ్చేదాకా పందెం సంగతి ఎత్తలేదు.

పెద్దవాళ్ళకి నెమ్మదిగా జరుగుతుందని డాక్టరమ్మే అంది. మొదటిరోజే అంది.

జూలై 3

స్పిరిట్ లేనిది కొన్నాను. నీలం సీసా. కొత్త జీవితం.

జూలై 5

నీలం సీసాలోది చక్కెర నీళ్ళలా ఉంది. దేన్నీ కప్పదు. బట్టలు కుట్టే ఆవిడ బండెక్కగానే అద్దం కిందికి దించింది. ఉక్కగా ఉందట. ఉక్కగానే ఉంది మరి.

మళ్ళీ ఆకుపచ్చది తెచ్చాను.

జూలై 8

ఆవిడ ఇవాళ మలుపు అద్భుతంగా తిప్పింది. తిప్పి తనకి తనే చప్పట్లు కొట్టుకోబోయింది. "స్టీరింగమ్మా స్టీరింగు!" అని అరిచాను. ఇద్దరం నవ్వాం. వచ్చేనెల పరీక్షకి పంపవచ్చు.

జూలై 15, మంగళవారం

రాయాలి. రాస్తాను.

మధ్యాహ్నం క్లాసు. ఆవిడే. పాత గోడౌన్ల వెనక రోడ్డు, ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. బండి బాగానే నడుపుతోంది. సందులోంచి ఒక సైకిలు వచ్చింది. గోడలకి రంగులేసే మనిషి, హ్యాండిలుకి డబ్బాలు వేలాడుతున్నాయి. ఆవిడ గాభరాపడి కాలు తీసి ఎక్కడ పెట్టాలో తెలియక యాక్సిలేటరు మీదే పెట్టింది. కొత్తవాళ్ళందరూ చేసేదే. దానికేగా నేనున్నది. దానికేగా నా కాలి కింద బ్రేకున్నది.

నేను చూశాను. సైకిలు కనిపించింది. డబ్బాలు కూడా కనిపించాయి, ఒకటి పసుపు. తొక్కాలి అనుకున్నాను. అనుకోవడానికీ తొక్కడానికీ మధ్య ఏదో మెత్తటిది అడ్డుపడింది.

మరీ గట్టిగా తగల్లేదు. మనిషి పక్కకి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. రోడ్డంతా పసుపు రంగు.

ఆవిడ స్టీరింగు వదల్లేదు. "నేను చంపేశాను మాస్టారూ, చంపేశాను" అంటూనే ఉంది. ఆయన లేచి కూర్చున్నాక కూడా.

"మీ తప్పు కాదు" అనాల్సింది.

"కంగారు పడకండి" అన్నాను. తర్వాత దిగాను. దిగేముందు తలుపు జేబులోంచి సీసా తీసి పుక్కిలించి, తలుపు సందులోంచి ఉమ్మాను. అవతల మనిషి చెయ్యి పట్టుకుని మూలుగుతుంటే నేను ముందు చేసిన పని అది.

జూలై 16

డ్రైవింగ్ స్కూలు పెద్దాయన పిలిచాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి ఈ స్కూలు పెట్టుకున్న మనిషి.

"నీ బ్రేకు పనిచేయలేదా?"

"చేసింది. ఆవిడ ఒక్కసారిగా తొక్కేసింది. అందలేదు."

"నీకు అందలేదా?" అని, నా మొహంలోకి చూసి ఊరుకున్నాడు. రంగులాయనతో తనే మాట్లాడి సర్దుబాటు చేసుకున్నాడట.

ఎవరైనా ఆలస్యం చేసేవాళ్ళే. సైకిలు అలా వచ్చింది.

జూలై 18

ఆవిడ రాలేదు.

జూలై 21

రాలేదు. ఫోను చేస్తే వాళ్ళమ్మాయి ఎత్తింది. "అమ్మ ఇంక రాదండీ. మిషను కూడా తొక్కడం లేదు. కాలు వణుకుతోందంటుంది."

సరే అన్నాను. సరే అని ఎలా అన్నానో.

జూలై 22

సైకిలు అలా వచ్చింది.

జూలై 25

పిచ్చుక రెండు రోజులుగా సరిగ్గా తినడంలేదు. తీగ గుచ్చుకుంటోందట. అరటిపండు కూడా వద్దంది. అద్దం ముందు నిలబడడం మానేసింది. ఈ వయసులో పిల్లలు ఇలాగే ఉంటారేమో.

జూలై 29, మంగళవారం

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు పిచ్చుకని చూసింది డాక్టరమ్మ. చిమటాతో లాగింది. దాని గొలుసు సాగింది, వెనక్కి వెళ్ళలేదు. రింగులు పాచిరంగు. పోయినసారి తీసిన కొలతకీ ఇప్పటికీ తేడా లేదు. పెదవి లాగి బుగ్గ లోపల దీపం వేసి చూసింది. తెల్లగా పొరలు పొరలుగా చర్మం లేచిపోయి ఉంది. పక్కన కుర్చీలోంచి నాకూ కనిపించింది.

"ఇదేంటమ్మా? దేనితో పుక్కిలిస్తున్నావు?"

"రబ్బరు మంచిది కాదేమో డాక్టర్" అంది పిచ్చుక. "నాన్నదీ అంతే కదా. ఈసారి ప్యాకెట్టే మంచిది రాలేదేమో."

"నేను అడిగింది అది కాదు. మౌత్‌వాష్ వాడుతున్నావా?"

"ఆ."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

ఎంత బాగా చెప్పిందో. తడుముకోలేదు, కళ్ళు దించలేదు. అచ్చం నా గొంతుతో చెప్పింది.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. నా నోరు తెరిచి పట్టుకోవడానికి ప్లాస్టిక్ చట్రం అప్పటికే పెట్టేశారు. పళ్ళన్నీ బయటపెట్టుకుని, బుగ్గలు చెవులదాకా లాక్కుని పడుకుని ఉన్నాను. చట్రం తీసేసి మాట్లాడొచ్చు. చెయ్యి ఎత్తితే చాలు, తీసేవాళ్ళు. ఎత్తలేదు.

"అదే ప్యాకెట్లోది ఈ నెల చాలామందికి వేశాను" అంది ఆవిడ, మెల్లగా, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. కొత్త గొలుసులు వేసింది. పిచ్చుక బుగ్గకి పూయడానికి మందు రాసిచ్చింది.

బండిలో కూర్చున్నాక చాలాసేపు స్టార్ట్ చేయలేదు నేను.

"ఆ ఆకుపచ్చది పోసుకున్నావా?"

మందు చీటీని ఇంకా చిన్నగా మడిచింది.

"పిచ్చుకా."

"నువ్వెన్నిసార్లు చేస్తే నేనూ అన్నిసార్లు చేశాను. స్కూలుకి చిన్న సీసాలో పోసుకెళ్ళాను. మొదట్లో కళ్ళల్లో నీళ్ళొచ్చేవి. తర్వాత అలవాటైపోయింది."

"ఎందుకమ్మా?"

"నాది కూడా వదులైపోతే ఆవిడ రబ్బరుదే తప్పనుకుంటుంది కదా. ఇంక నిన్ను అడగదు." ముక్కు ఎగబీల్చింది. "ఆవిడ అడిగినప్పుడు నీ మొహం ఎలా పెట్టావో నీకు తెలీదు నాన్నా. నాకు కనిపించింది."

"నేను ఎందుకు పుక్కిలిస్తానో నీకు..."

"తెలుసు. అమ్మకీ తెలుసు. ముందు ఆ వాసన వస్తుంది, తర్వాత పుదీనా వాసన వస్తుంది. మాకు ఇప్పుడు పుదీనా వాసన వచ్చినా అదే."

ఇన్నాళ్ళూ కప్పుతున్నాననుకున్నాను. ఇంట్లో గంట కొట్టి చెప్పినట్టే చెబుతున్నాను.

జూలై 30, బుధవారం

పొద్దున్నే పిచ్చుక లేకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో పడుకోలేదు. నిలబడే చెప్పాను. రోజుకి ఎన్నిసార్లో నాకే తెలీదని, ఎందుకో తెలుసని, పిల్ల ఎందుకు చేసిందో కూడా.

ఆవిడ గ్లవ్స్ విప్పి కూర్చుంది. "నిన్న పాప చెప్తుంటే నాకు సగం అర్థమైంది. ఒకే ఇంట్లో ఇద్దరివి ఒకేలా పాడైతే రబ్బరును అనుమానించరు ఎవరూ. మీరు చెప్తారేమోనని చూశాను."

"చెప్పలేకపోయాను."

"పాప బుగ్గ రెండు వారాల్లో మానుతుంది. ఒక నెల వెనకబడింది, అంతే. పళ్ళ సంగతి నేను చూసుకోగలను. మీ తాగుడు మాత్రం నా చేతిలో లేదు." ఒక డాక్టరు పేరు కాగితం మీద రాసింది. "ఆయన నాకు తెలిసినవాడే. వెళ్ళకపోతే నాకు తెలిసిపోతుంది" అంది. నవ్వలేదు.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడకి చెప్పాను. వింటూ బీన్స్ తుంచుతోంది. తుంచుతూనే ఉంది. చివరికి, "అది నోరు కాల్చుకునేదాకా ఆగావు" అంది. అంతే. నాకు తెలుసు అని కూడా అనలేదు.

పిచ్చుక వేరే గదిలోంచి వచ్చి నిలబడింది. "డాక్టర్‌కి చెప్పేశావా?"

"చెప్పేశాను."

మొహం వెలుగుతుందనుకున్నాను, వెర్రివాణ్ణి. ఏడుపు ఎగదన్నుకొచ్చింది దానికి. "అంత తేలిగ్గా చెప్పేసేవాడివైతే నిన్న ఎందుకు చెప్పలేదు? నేనెందుకు నోరు మండించుకున్నాను మరి? ఇప్పుడు నేనే అబద్ధాలకోరునయ్యాను ఆవిడ దగ్గర!"

తలుపు వేసేసుకుంది.

ఆగస్టు 1, శుక్రవారం

పెద్దాయనకి చెప్పాను. తాళం చెవి బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టాను. "బస్సు నడిపిన రోజుల్లో నీలాంటివాణ్ణి ఒకణ్ణి వెనకేసుకొచ్చాను. ఇంకోసారి ఆ పని చేయను" అన్నాడు. రంగులాయనకి తనే చెబుతానన్నాడు, నేనూ వెళ్ళాలన్నాడు. వెళ్ళాను. ఆయన కట్టుకట్టిన చేతి వైపే చూస్తూ విన్నాడు. "బండి నడిపిన ఆవిడ వచ్చి కాళ్ళ మీద పడిందయ్యా, రెండుసార్లు" అన్నాడు. "మరి నువ్వెక్కడున్నావు?"

ఆగస్టు 2, శనివారం

ఆవిడ ఇల్లు. ముందు గదిలో మిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. లోపల మంచం మీద భర్త. నన్ను చూసి ఆవిడ లేచి నిలబడింది, నేను ఫీజుకో దేనికో వచ్చాననుకుందేమో.

"ఆరోజు తప్పు మీది కాదమ్మా. మీలాగే అందరూ తొక్కుతారు. ఆపాల్సింది నేను. తాగి ఉన్నాను."

మిషను మీది దుప్పటి అంచు సరిచేసింది. తర్వాత, "వాసన వచ్చేది మాస్టారూ" అంది. "నేను అద్దం దించుకునేదాన్ని. ఇంత బాగా నేర్పే మనిషిని అనుమానించడం పాపం అనుకునేదాన్ని."

"మళ్ళీ నేర్చుకోండి. నా దగ్గర కాదు, వేరే ఎవరి దగ్గరైనా."

"తప్పు నాది కాదని ఇప్పుడు తెలిసింది. కాలికి తెలియాలి కదా" అంది.

మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను. గుమ్మం దాకా వచ్చింది కానీ, వెళ్ళొస్తానంటే తలూపలేదు.

ఆగస్టు 5

ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చేతులు వణుకుతున్నాయి. చెమటలు. మా ఆవిడ పక్కన కూర్చుంది, నా చెయ్యి పట్టుకోలేదు. నా సంచీ పట్టుకుంది.

ఆగస్టు 9

కష్టంగా ఉంది.

ఆగస్టు 10

ఇంకా కష్టంగా ఉంది. రాయడానికి ఇంకేమీ లేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. పని వెతకాలి, బండికి సంబంధం లేని పని. తను వాళ్ళ ఆఫీసు గోడౌన్లో అడుగుతానంది.

పిచ్చుక మాట్లాడుతోంది, అవసరమైనంత వరకు. బుగ్గ మానింది. పొద్దున్న నేను కాఫీ కలుపుకుంటుంటే వచ్చింది. దేనికో వచ్చినట్టు అలమర తెరిచి మూసింది. తర్వాత నా పక్కనే, బాగా దగ్గరగా, నిలబడింది. ఎన్నాళ్ళకో ఇంత దగ్గరికి వచ్చింది కదా అని నా చెయ్యి దాని తల మీదికి వెళ్ళబోయింది. అప్పుడు చూశాను. ముక్కుపుటాలు మెల్లగా కదులుతున్నాయి. నేను చూడకూడదని మొహం కిటికీ వైపు తిప్పుకుని ఉంది.

చెయ్యి దించేశాను. దానివైపు పూర్తిగా తిరిగి, నోరు తెరిచి, నెమ్మదిగా ఊపిరి వదిలాను.

పిచ్చుక ఎర్రబడిపోయింది. కానీ కదల్లేదు. పూర్తిగా పీల్చింది, ఇంకోసారి పీల్చింది. తర్వాత తన గదిలోకి వెళ్ళిపోయింది.

రేపు కూడా వస్తుంది. రావాలి.